ఆయనకు గ్రీన్ కార్డు వచ్చిందా, ప్రాసెస్‌లో ఉందా? ముందు అది తేలాలి

ప్రశ్న: మాది ఖమ్మం. పెళ్ళై నాలుగేళ్ళయింది. హెచ్-1బీ ఉద్యోగి భార్యకిచ్చే హెచ్-4 వీసా మీద వచ్చి డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాను. రెండేళ్ళ పాప, ఇక్కడే పుట్టింది. మా ఆయన చెయ్యి చేసుకుంటాడు. రోజూ నా ఫోన్ చూస్తాడు, పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉంటుంది. ఎదురు మాట్లాడితే ‘ఒక్క ఈమెయిల్ పెడితే నీ వీసా క్యాన్సిల్. నువ్వు ఇండియాలో, పాప నా దగ్గర’ అంటాడు. ఆయన గ్రీన్ కార్డు ‘అయిపోయినట్టే’ అని మా అత్తగారు అంటారు. వచ్చే నెల ఆడపడుచు పెళ్ళికి అందరికీ టికెట్లు తీశాడు. తెలిసినవాళ్ళు ఒక కన్సల్టెంట్ దగ్గరికి పంపితే, ‘వావా కింద గ్రీన్ కార్డు తెప్పిస్తాను, మూడున్నర వేల డాలర్లు’ అన్నాడు. నా చేతిలో డబ్బు లేదు. ఉచితంగా లాయర్ దొరుకుతారా? మా ఆయన జీతం ఎక్కువ కాబట్టి నాకు ఇవ్వరంటున్నారు, నిజమేనా? దరఖాస్తు పెడితే ఆయనకు తెలిసిపోతుందా?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: ఉచిత లాయర్ దొరుకుతారు. ఆయన జీతం మీకు అడ్డు కాదు. వావా (హింసకు గురైన భార్య తనంతట తానే గ్రీన్ కార్డు దారి పట్టేందుకు వీలిచ్చే చట్టం) గానీ యు వీసా (నేర బాధితులకిచ్చేది) గానీ పెట్టుకుంటే ఆ సంగతి ఆయనకు చెప్పడానికి ఇమిగ్రేషన్ అధికారులకు వీల్లేదు, ఫెడరల్ చట్టమే ఒప్పుకోదు. కన్సల్టెంట్‌కు మాత్రం ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. మీరు రాసినదాన్ని బట్టి అసలు మీది వావా కేసు కాకపోవచ్చు. అది తేల్చకుండానే రేటు చెప్పాడంటే ఆ మనిషికి పని తెలియదనైనా అనుకోవాలి, తెలిసీ దాచాడనైనా అనుకోవాలి.

టికెట్ల సంగతి ముందు చెబుతాం. వెళ్ళకండి. భార్యను పుట్టింట్లో దింపి, పాస్‌పోర్టు పట్టుకుని ఒంటరిగా వెనక్కి వచ్చేసే అల్లుళ్ళు మన జిల్లాలకు కొత్త కాదు. మీ హెచ్-4 స్టాంపు గడువు తీరి ఉంటే, తిరిగి రావడానికి ఇండియాలో మళ్ళీ స్టాంపింగ్ కావాలి. దానికి ఆయన ఐ-797 (ఇమిగ్రేషన్ ఆఫీసు పంపే అప్రూవల్ నోటీసు), ఆయన కంపెనీ ఇచ్చే లెటరు కావాలి. అవి ఆయన ఇవ్వకపోతే మీరు ఖమ్మంలోనే ఉండిపోతారు. అలాగని పాపను తీసుకుని మీరే చెప్పకుండా విమానం ఎక్కడం కూడా ప్రమాదమే. తండ్రి హక్కులకు అడ్డుపడేలా బిడ్డను దేశం దాటిస్తే అమెరికాలో అది ఫెడరల్ నేరం కిందకి రావచ్చు, కస్టడీ కేసూ మీకు ఎదురు తిరుగుతుంది. ‘నేను రాను’ అని ఆయన ముఖం మీద చెప్పడం ఇంట్లో ఉన్న మనిషికి తేలిక కాదని తెలుసు. అందుకే ప్రయాణం తేదీకి బాగా ముందే హాట్‌లైన్ అడ్వొకేట్‌తో కూర్చుని, ఏ రోజు ఎక్కడికి వెళ్ళాలో, పాపను ఎలా తీసుకెళ్ళాలో అనుకోండి. నేషనల్ డొమెస్టిక్ వయొలెన్స్ హాట్‌లైన్ నంబరు 1-800-799-7233. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఇంటర్‌ప్రెటర్‌ను అడగవచ్చు. ఇంట్లో వాళ్ళ చెవిన పడుతుందనుకుంటే 88788కు ‘స్టార్ట్’ అని ఇంగ్లీషులో మెసేజ్ పెట్టవచ్చు. దెబ్బ పడే పరిస్థితి వస్తే 911.

ఇక అసలు మెలిక. ‘గ్రీన్ కార్డు అయిపోయినట్టే’ అనే మాటకు మన ఇళ్ళల్లో నాలుగు అర్థాలున్నాయి. కొందరికి అది ఐ-140, అంటే గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్, అప్రూవ్ కావడం. ఇండియాలో పుట్టినవాళ్ళు ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి లైన్లో ఉంటారు, ఈలోగా ఆయన హెచ్-1బీ ఉద్యోగే. కొందరికి ఐ-485, అంటే గ్రీన్ కార్డుకు చివరి దరఖాస్తు, పెట్టడం. అది పెట్టాక చేతికి ఒక ప్లాస్టిక్ కార్డు వస్తుంది, దూరం నుంచి చూస్తే గ్రీన్ కార్డులాగే ఉంటుంది. కానీ దాని మీద ‘ఎంప్లాయ్‌మెంట్ ఆథరైజేషన్’ అని ఉంటే అది పని చేసుకోవడానికి ఇచ్చిన పర్మిట్ మాత్రమే. ‘పర్మనెంట్ రెసిడెంట్’ అని ఉంటేనే గ్రీన్ కార్డు. నాలుగోది సిటిజన్‌షిప్.

ఆయన స్టేటస్ ఏమిటని ఇమిగ్రేషన్ ఆఫీసును అడిగితే చెప్పరు. ఇంట్లో దొరికే ఆనవాళ్ళతోనే చాలావరకు తేలుతుంది. ఐ-797 నోటీసులు ఫోటో తీసుకోండి, ఏ ఫారం, ఏ తేదీ అన్నది పైనే ఉంటుంది. ఈ మధ్య మీకు హెచ్-4 ఎక్స్‌టెన్షన్ వచ్చిందా? వస్తే అప్పటికి ఆయన హెచ్-1బీలోనే ఉన్నట్టు. ఆయనకు నిజంగా గ్రీన్ కార్డు వచ్చేస్తే ఆయన హెచ్-1బీ ముగుస్తుంది, దాని మీద నిలబడ్డ మీ హెచ్-4 కూడా ముగుస్తుంది. అందుకే మీ స్టేటస్ ఇంకా నడుస్తోందా లేదా అన్నది కూడా ఇదే ప్రశ్నలో ఉంది.

ఆయనకు గ్రీన్ కార్డో, సిటిజన్‌షిప్పో ఉంటే వావా దారి మీకు తెరిచి ఉంటుంది. ఫారం ఐ-360ని మీ అంతట మీరే పెట్టుకుంటారు, ఆయన సంతకం అక్కర్లేదు, ప్రభుత్వ ఫీజు సున్నా. చూపాల్సినవి: పెళ్ళి నిజమైనదేనని, కలిసి కాపురం చేశారని, కొట్టడమో తీవ్రమైన క్రూరత్వమో జరిగిందని, మీ నడవడి మంచిదని. ‘దేశం నుంచి పంపించేస్తా’ అనే బెదిరింపు, పాస్‌పోర్టు లాక్కోవడం, కట్నం కోసం వేధించడం, మనుషులతో మాట్లాడనివ్వకపోవడం, ఇవన్నీ క్రూరత్వాన్ని చూపడానికి పనికొస్తాయి. పోలీసు రిపోర్టు ఉంటే బలం, లేకపోతే కేసు లేనట్టు కాదు. విడాకులైపోయినా, వాటికీ హింసకూ సంబంధం చూపగలిగితే రెండేళ్ళలోపు పెట్టవచ్చు. ఆయన సిటిజనైతే మీ ఐ-485 కూడా దాంతోపాటే వేయవచ్చు. గ్రీన్ కార్డు మాత్రమే ఉంటే, ఎవరి వంతు ఎప్పుడో చెప్పే వీసా బులెటిన్‌లో తేదీ చూసుకోవాలి. ఏ దారైనా నెలల్లో తేలేది కాదు, ఏళ్ళు పడుతుంది.

ఐ-140 అప్రూవ్ అయినా, ఐ-485 పెండింగ్‌లో ఉన్నా ఆయన ఇంకా గ్రీన్ కార్డు హోల్డర్ కాదు. అప్పుడు వావా పెడితే తిరస్కరిస్తారు. తిరస్కరించే నాటికి మీకు వేరే స్టేటస్ లేకపోతే ఇమిగ్రేషన్ కోర్టు నుంచి నోటీసు వచ్చే అవకాశం ఇప్పుడు చాలా ఎక్కువ. ఆ కోర్టులో ప్రభుత్వం లాయర్‌ను పెట్టదు. మీ ఖర్చుతో మీరే పెట్టుకోవాలి, లేదా ఉచితంగా వచ్చేవాళ్ళను వెతుక్కోవాలి. కన్సల్టెంట్ చెప్పని సంగతి ఇదే.

హెచ్-4 వాళ్ళకు రెండు వేరే దారులున్నాయి. ఒకటి ఐ-765వీ: హెచ్-1బీ భర్త చేతిలో హింసకు గురైన భార్యకు రెండేళ్ళ వర్క్ పర్మిట్. మామూలు హెచ్-4 వర్క్ పర్మిట్ (ఈఏడీ)లాగా దీనికి భర్త ఐ-140తో పని లేదు, ఆయన సహకారంతోనూ పని లేదు. అయితే ఇది పని చేసుకోనిస్తుందే తప్ప దేశంలో ఉండే స్టేటస్ ఇవ్వదు. అందుకే మీ ఐ-94 (ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే రికార్డు) గడువు మీద ఒక కన్ను ఉంచాలి. రెండోది యు వీసా: గృహహింసలాంటి నేరానికి బలై, పోలీసులకు సహకరించినవాళ్ళకు ఇచ్చేది. దీనికి దరఖాస్తు ఫారం ఐ-918తో పాటు సప్లిమెంట్-బీ అనే కాగితం మీద పోలీసు శాఖో, ప్రాసిక్యూటరో, జడ్జో సంతకం పెట్టాలి. సంతకం పెట్టిన ఆరు నెలల్లోపు దరఖాస్తు చేరకపోతే ఆ కాగితం చెల్లదు. చేతిలో పట్టుకుని కూర్చుని గడువు పోగొట్టుకునేవాళ్ళు ఉన్నారు. ఏటా ఇచ్చేవి 10,000 కాబట్టి క్యూ చాలా పొడవు. మధ్యలో కేసు నిజాయితీగా ఉందని తేలితే వర్క్ పర్మిట్ ఇస్తారు.

పోలీసులను పిలిస్తే ఆయన ఉద్యోగం, వీసా దెబ్బతిని దాంతో మీదీ పోతుందేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. భయంలో కొంత నిజముంది, ఆయన హెచ్-1బీ పోతే మీ హెచ్-4 నిలవదు. కానీ ఆ రిపోర్టు లేకుండా యు వీసాకు మొదటి మెట్టే ఉండదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఈ లెక్క వేయకండి. మిగతా సమయాల్లో లాయర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి. రిపోర్టు ఇస్తే దాని నంబరు, అధికారి పేరు, తేదీ రాసుకుని ఉంచండి.

‘ఒక్క ఈమెయిల్’ బెదిరింపు సంగతి. ఆయన ఈమెయిల్ పెట్టినంత మాత్రాన మీ స్టేటస్ ఆగిపోదు. అది ఆగేది విడాకుల డిక్రీ వచ్చినప్పుడు, ఆయన హెచ్-1బీ పోయినప్పుడు, మీ ఐ-94 గడువు తీరినప్పుడు. ఉద్యోగం పోయినప్పుడు ఇచ్చే 60 రోజుల గడువు విడాకులకు కూడా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. డిక్రీ వచ్చిన రోజుతో హెచ్-4 అయిపోతుంది. అందువల్ల ఆయన ‘మ్యూచువల్’ అని ఏ కాగితం ముందు పెట్టినా, ఇక్కడిదైనా ఇండియాదైనా, ఇమిగ్రేషన్ లాయర్ చూడకుండా సంతకం పెట్టకండి.

ఇక ఉచిత సాయం ఎక్కడ, ఎలా. డాలస్ ప్రాంతంలో ఉండటం మీకు కలిసొచ్చే విషయం. హ్యూమన్ రైట్స్ ఇనిషియేటివ్ ఆఫ్ నార్త్ టెక్సస్ హింస నుంచి బయటపడిన వలసదారుల ఇమిగ్రేషన్ కేసులు ఉచితంగా చూస్తుంది. మొజాయిక్ ఫ్యామిలీ సర్వీసెస్‌లో షెల్టరూ, లీగల్ సాయమూ ఒకేచోట ఉంటాయి. విడాకులు, కస్టడీ, ప్రొటెక్టివ్ ఆర్డర్ (హింసించినవాడు దగ్గరికి రాకుండా కోర్టు ఇచ్చే ఉత్తర్వు) లాంటివాటికి లీగల్ ఎయిడ్ ఆఫ్ నార్త్‌వెస్ట్ టెక్సస్. చేతన అనే సంస్థ దక్షిణాసియా కుటుంబాల కోసమే పనిచేస్తుంది. అది లా ఆఫీసు కాదు, కానీ మన ఇళ్ళల్లో అత్తమామల పాత్ర ఏమిటో వాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. వేరే ఊళ్ళలో ఉన్న పాఠకుల కోసం: హ్యూస్టన్‌లో దయ, అట్లాంటాలో రక్ష, న్యూజెర్సీలో మానవి, న్యూయార్క్‌లో సఖి, షికాగోలో అప్నా ఘర్, బే ఏరియాలో మైత్రి, నారిక, సియాటెల్‌లో ఏపీఐ ఛాయ ఇలాంటివే.

జీతం మాట. ఫెడరల్ నిధులతో నడిచే లీగల్ ఎయిడ్ ఆఫీసులు సాధారణంగా పేదరిక గీతకు 125 శాతం లోపు ఆదాయం ఉన్నవాళ్ళనే తీసుకుంటాయి. కానీ గృహహింస కేసులో హింసించినవాడి ఆదాయాన్ని బాధితురాలి లెక్కలో కలపకూడదని వాళ్ళ నిబంధనే చెబుతోంది. పౌరులు కానివాళ్ళను తీసుకోకూడదన్న ఆంక్షకు కూడా గృహహింస బాధితులకు మినహాయింపు ఉంది. ఫోన్ తీసిన మనిషి ‘హౌస్‌హోల్డ్ ఇన్‌కమ్ ఎంత’ అని అడిగితే, లక్షన్నర అని చెప్పేసి ఫోన్ పెట్టేయకండి. ‘నాకు సొంత ఆదాయం లేదు, నేను గృహహింస బాధితురాలిని, ఆ ఆదాయం నన్ను హింసిస్తున్న వ్యక్తిది’ అని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఈ ఒక్క మాట చెప్పక వెనక్కి వచ్చేవాళ్ళు చాలామంది.

మొదటి ఫోన్‌ను ఇన్‌టేక్ అంటారు. ఆయన పూర్తి పేరు అడుగుతారు, కంగారు పడకండి. అవతలి పక్షానికి వాళ్ళే పనిచేసి ఉంటే మీకు పనిచేయకూడదు కాబట్టి అది చూసుకోవడానికే. ఫోన్ చేయడానికి సురక్షితమైన వేళ, నంబరు, వాయిస్ మెయిల్ పెట్టవచ్చా వద్దా అన్నది మీరే చెప్పండి. వెయిటింగ్ లిస్టు అంటే అక్కడితో ఆగక, ‘పూర్తి కేసు తీసుకోకపోయినా ఒక గంట సలహా ఇస్తారా’ అని అడగండి, అది తరచుగా దొరుకుతుంది. ఒక్కచోటే పేరు ఇచ్చి ఎదురుచూడకండి, ఒకే వారంలో మూడు నాలుగు చోట్ల ఇవ్వండి. ప్రయాణం తేదీ ఉందని చెప్పండి, అత్యవసరం ఉన్న కేసును ముందుకు జరిపే వీలు వాళ్ళకు ఉంటుంది. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే అడగండి. అసోసియేషన్‌లో తెలిసినవాళ్ళనో, పక్కింటివాళ్ళనో మాత్రం తీసుకెళ్ళకండి, ఫ్రిస్కోలో మాట ఎంత దూరం పోతుందో మీకు మాకంటే బాగా తెలుసు. తానా, ఆటా లాంటి సంఘాలు ఆపదలో మనిషి సాయం, టికెట్ సాయం చేయగలవు. కేసు వాదించడం వాళ్ళ పని కాదు.

ఎవరు ఇమిగ్రేషన్ సలహా ఇవ్వవచ్చన్నదానికి గట్టి గీత ఉంది. ఏదైనా ఒక రాష్ట్రపు బార్‌లో లైసెన్సున్న లాయర్, లేదా న్యాయశాఖ గుర్తించిన లాభాపేక్ష లేని సంస్థలో పనిచేసే అక్రెడిటెడ్ ప్రతినిధి, అంతే. ప్రతినిధుల్లో పాక్షిక గుర్తింపు ఉన్నవాళ్ళు ఇమిగ్రేషన్ ఆఫీసు దాకానే, పూర్తి గుర్తింపు ఉన్నవాళ్ళు కోర్టులో కూడా. ఈ జాబితా న్యాయశాఖ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఉచిత లాయర్ల జాబితా కూడా ఇమిగ్రేషన్ కోర్టుల వారీగా అక్కడే దొరుకుతుంది. లాయర్ పేరు బార్ వెబ్‌సైట్‌లో కొడితే లైసెన్సు నడుస్తోందో, సస్పెండ్ అయిందో తెలుస్తుంది. ఇంకో తేలికైన పరీక్ష: మీ తరఫున నిలబడేవాళ్ళు జీ-28 అనే ఫారం మీద సంతకం పెట్టాలి. ‘నా పేరు ఎక్కడా రాయొద్దు, మీరే నింపుకున్నట్టు పెడదాం’ అన్నారంటే లేచి వచ్చేయండి. నోటరీ అంటే ఇక్కడ లాయర్ కాదు. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి. మన సర్కిళ్ళలో నడిచే ఇంకో మోసం, ‘వర్క్ పర్మిట్’ పేరుతో మీకు తెలియకుండా అసైలం (ఆశ్రయం) దరఖాస్తు వేసేయడం. అందులో తెలిసీ అబద్ధం రాశారని తేలితే ఇమిగ్రేషన్ ప్రయోజనాలన్నీ శాశ్వతంగా మూసుకుపోవచ్చు. ఇంకో తేడా కూడా ఉంది. లాయర్‌కు చెప్పింది గోప్యంగా ఉంచడం ఆయన బాధ్యత, కన్సల్టెంట్‌కు అలాంటి బాధ్యతేమీ లేదు.

ఆయనకు తెలిసిపోవడమన్నది ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి కాదు, మీ పోస్టు డబ్బా నుంచి, ఫోన్ నుంచి జరుగుతుంది. దరఖాస్తులో మెయిలింగ్ అడ్రసు ఇంటిది ఇవ్వకండి, లాయర్ ఆఫీసుదో, షెల్టర్ సూచించినదో ఇవ్వండి. పోస్టల్ శాఖలో ‘ఇన్‌ఫార్మ్‌డ్ డెలివరీ’ అని ఒకటి ఉంది, ఇంటికి రాబోయే కవర్ల ఫోటోలు ముందే ఈమెయిల్‌కు పంపుతుంది. ఆయన దానికి సైనప్ అయి ఉంటే కవరు మీ చేతికి రాకముందే ఆయనకు తెలుస్తుంది. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి, ఐక్లౌడ్ ఒకటేనా చూడండి. ఫ్యామిలీ ప్లాన్ బిల్లులో మీరు చేసిన నంబర్లు కనిపిస్తాయి. లైబ్రరీ కంప్యూటర్‌లో కొత్త ఈమెయిల్ తెరుచుకుని, డాక్టర్ ఆఫీసు ఫోనో, నమ్మకమైన స్నేహితురాలి ఫోనో వాడండి.

ప్రొటెక్టివ్ ఆర్డర్ అడిగినందుకు టెక్సస్‌లో ఫీజు లేదు, కౌంటీ ప్రాసిక్యూటర్ ఆఫీసే దాన్ని వేయగలదు. పాపను ఎక్కడికీ తీసుకెళ్ళకూడదని కూడా అందులో అడగవచ్చు. పాప అమెరికన్ పాస్‌పోర్టు ఆయన దగ్గరుంటే ఆ సంగతి లాయర్‌కు మొదటిరోజే చెప్పండి.

కాగితాలు. పాస్‌పోర్టు మీ చేతిలో లేకపోయినా చాలావరకు పని నడుస్తుంది. వీసా స్టాంపింగ్ నాడు తీసిన జిరాక్సులు ఖమ్మంలో ఏదో ఫైల్లో ఉండే ఉంటాయి, వెతికించండి. పాస్‌పోర్టు నంబరు దొరికితే మీ ఐ-94ను సీబీపీ (సరిహద్దు తనిఖీ శాఖ) వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. దేశంలో ఉండగా ఎక్స్‌టెన్షన్ వచ్చి ఉంటే మాత్రం కొత్త ఐ-94 ఐ-797 కాగితం అడుగునే ఉంటుంది, గడువు దాన్నే చూసుకోవాలి. పాస్‌పోర్టు ఆయన ఇవ్వనే ఇవ్వకపోతే పోలీసు రిపోర్టు పెట్టి హ్యూస్టన్ కాన్సులేట్ ద్వారా కొత్తది తీసుకోవచ్చు. భర్త వదిలేసిన, హింసించిన భార్యల న్యాయ ఖర్చుల కోసం కాన్సులేట్ల దగ్గర సంక్షేమ నిధి కూడా ఉంది, రాతపూర్వకంగా అడగండి. కలిసి కాపురం చేసినట్టు చూపడానికి లీజు, పాప బర్త్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ కార్డు పనికొస్తాయి. టాక్స్ జాయింట్‌గా ఫైల్ చేసి ఉంటే పన్నుల శాఖ (ఐఆర్ఎస్) ట్రాన్‌స్క్రిప్టును మీ ఐటిన్ (పన్ను) నంబరుతో మీరే ఉచితంగా తెప్పించుకోవచ్చు. పాప డాక్టర్‌కో, మీ డాక్టర్‌కో ఇంట్లో జరిగేది చెబితే అది రికార్డులోకి ఎక్కుతుంది.

అన్నిటికంటే బరువైనది మీ వాంగ్మూలం. తెలుగులో రాయండి, తర్వాత అనువదించవచ్చు. ‘ఎన్నో హింసలు పెట్టాడు’ అంటే అధికారికి ఏమీ కనబడదు. ఏ నెల, ఏ గది, ఏమన్నాడు, ఏం విసిరాడు, పాప ఎక్కడ ఉంది, తర్వాత మీరేం చేశారు, ఇవి కావాలి. తేదీ గుర్తులేకపోతే ‘సంక్రాంతి తర్వాత వారం’ అని రాయండి, ఊహించి తేదీ వేయకండి. పోలీసు రిపోర్టులో తేదీతో పొంతన కుదరకపోతే ఆ ఒక్కదానికే కేసు మొత్తాన్ని అనుమానిస్తారు. ఇంటర్నెట్‌లో దొరికే నమూనా వాంగ్మూలాలు ఒకేలా ఉంటాయి, అధికారులు వాటిని ఇట్టే పట్టేస్తారు.

ఖమ్మంలో మీ వాళ్ళు చేయగలిగింది కూడా ఉంది. పెళ్ళి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ లేకపోతే ఇప్పుడైనా అడగమనండి, పెళ్ళి కార్డు, ఫోటోలు తీసి ఉంచమనండి. కట్నం బ్యాంకు ద్వారా ఇచ్చి ఉంటే ఆ స్టేట్‌మెంటు కావాలి. ఆయనో, అత్తగారో పెట్టిన వాట్సాప్ మెసేజులు, వాయిస్ నోట్లు డిలీట్ చేయొద్దని, తేదీ, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయమని చెప్పండి. మీ నాన్నగారు, అమ్మగారు తాము స్వయంగా విన్నదీ చూసిందీ మాత్రమే విడివిడిగా రాయాలి. ఇద్దరి కాగితంలోనూ ఒకే వాక్యాలుంటే రెండూ పనికిరావు. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ, మెసేజుకూ పూర్తి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. అనువదించినవాళ్ళు తమకు రెండు భాషలూ వచ్చని, అనువాదం పూర్తిగా సరైనదని రాసి సంతకం పెడితే చాలు, నోటరీ అక్కర్లేదు. అక్కడ పోలీస్ స్టేషన్‌లో కేసు పెట్టే ఆలోచన ఉంటే, మీరు సురక్షితమైన చోటికి మారి ఇక్కడి లాయర్‌తో మాట్లాడేదాకా ఆగమనండి. తెలంగాణ పోలీసుల మహిళా భద్రతా విభాగంలో ఎన్నారై కేసుల కోసం ప్రత్యేక సెల్ ఉంది, అప్పుడు అక్కడికి వెళ్ళవచ్చు. ఈ స్కాన్లన్నీ కొత్త ఈమెయిల్‌కే పంపమనండి, వాట్సాప్‌కు వద్దు.